అమెరికాలో స్పీడింగ్‌కి పోలీస్ ఆపితే కారు దిగకండి

మొత్తం చదివే ఓపిక లేనివాళ్ళ కోసం ముందే చెప్పేస్తున్నా. అమెరికాలో పోలీస్ కారు మీ వెనక లైట్లు వేసి ఆపితే కారు దిగకండి. డోర్ కూడా తియ్యకండి. మనకి అలవాటైన పద్ధతికి ఇది పూర్తిగా తలకిందులు. మన దగ్గర ట్రాఫిక్ పోలీస్ చెయ్యి చూపిస్తే బండి పక్కన పెట్టి, దిగి, కాగితాలు పట్టుకుని ఎస్సై గారు నిలబడ్డ చోటికి మనమే వెళ్తాం. సీట్లోంచి లేవకుండా కూర్చుంటే "వీడికెంత పొగరు" అనుకుంటారని భయం. ఇక్కడ దిగి వాళ్ళ వైపు నడిస్తే మీద పడటానికి వస్తున్నారేమో అనుకుంటారు. మనం మర్యాద అనుకుని చేసే పని వాళ్ళ కళ్ళకి ప్రమాదంలా కనిపిస్తుంది, మన కొత్తవాళ్ళకి ఎదురయ్యే చిక్కంతా ఇక్కడే ఉంది.

మా నాన్నగారు మొదటిసారి డాలస్ వచ్చినప్పుడు ఇది నా పక్క సీట్లోనే జరిగింది. రాత్రి తొమ్మిదిన్నర, గుడి నుంచి ఇంటికి వస్తున్నాం, గంటకి 45 మైళ్ళ లిమిట్ ఉన్న రోడ్డు మీద నేను 58లో ఉన్నాను, మాటల్లో పడి చూసుకోలేదు. అద్దంలో ఎరుపు, నీలం లైట్లు. పక్కకి తీసి ఆపాను. నేను ఇంజన్ కట్టేసేలోపే నాన్నగారు సీట్ బెల్టు తీసేసి, డోర్ తెరిచి, ఒక కాలు రోడ్డు మీద పెట్టేశారు, "నువ్వుండరా, పెద్దవాణ్ణి నేను మాట్లాడితే వదిలేస్తారు" అంటూ. వెనక నుంచి మైకులో గట్టిగా "స్టే ఇన్ ద కార్!" అని అరుపు. ఆయనకి ఆ యాస అర్థం కాలేదు. నేను చొక్కా పట్టుకుని లోపలికి లాగాను. ఆఫీసర్ మా దగ్గరికి వచ్చినప్పుడు కుడి చెయ్యి నడుము దగ్గర తుపాకీ మీద ఉంది, ఎడమ చేతిలో టార్చి ఉంది, ఆ టార్చి వెలుగు డ్యాష్‌బోర్డు మీద సన్నగా వణుకుతోంది. పాతికేళ్ళు కూడా ఉండవేమో ఆ అబ్బాయికి. భయపడింది మేమొక్కళ్ళమే కాదని నాకు అప్పుడే తెలిసింది. నాన్నగారు బీపీ మనిషి, ఇంటికి వచ్చాక కూడా చాలాసేపు మాట్లాడలేదు.

ఆ భయానికి కారణం ఉంది. ఇక్కడ కార్లో తుపాకీ ఉండటం వింత కాదు. టెక్సస్‌లో 2021 సెప్టెంబర్ నుంచి, అర్హత ఉన్నవాళ్ళు లైసెన్స్ లేకుండానే చేతి తుపాకీ వెంట పెట్టుకోవచ్చు. కాబట్టి ఆపిన ప్రతి కారు దగ్గరికీ పోలీస్ లోపల ఎవరున్నారో, ఏముందో తెలియకుండానే నడిచి వస్తాడు. మీ చేతులు కనపడేదాకా అతనికి మనశ్శాంతి ఉండదు. నేను కింద చెప్పే వాటిలో సగం ఆ చేతుల గురించే.

సరే, వరసగా చెప్తాను. లైట్లు కనిపించగానే సడన్ బ్రేక్ వెయ్యకండి, ఉన్న లేన్‌లో ఉన్నట్టే ఆగిపోకండి, చాలామంది కంగారులో ఇదే చేస్తారు. కుడి ఇండికేటర్ వెయ్యండి, నెమ్మదిగా స్పీడు తగ్గిస్తూ కుడి వైపు షోల్డర్ (రోడ్డు అంచున బండి ఆపుకోవడానికి వదిలిన పట్టీ) మీదకి, తెల్ల గీతకి వీలైనంత దూరంగా, తీసి ఆపండి. షోల్డర్ లేకపోయినా, వంతెన మీద ఉన్నా, చీకటిగా ఉండి భయమేసినా హజార్డ్ లైట్లు వేసి తక్కువ స్పీడులో తర్వాతి ఎగ్జిట్ దాకానో, వెలుగున్న గ్యాస్ స్టేషన్ దాకానో వెళ్ళొచ్చు, పారిపోవడం లేదని వాళ్ళకి తెలియాలి, అంతే. వెనకున్నది గుర్తులేని మామూలు కారై, నిజంగా పోలీసేనా అని అనుమానం వస్తే 911కి ఫోన్ చేసి, ఏ రోడ్డు మీద ఉన్నారో చెప్పి, నన్ను ఆపుతున్నది పోలీసేనా అని అడగండి. ఆడపిల్లలు రాత్రిపూట ఒంటరిగా వెళ్తున్నప్పుడు ఇది తప్పకుండా చెయ్యాలి, ఇందులో మొహమాటం ఏమీ లేదు.

ఆపాక గేర్ పార్క్‌లో పెట్టి ఇంజన్ ఆపండి. పాట ఆపెయ్యండి. రాత్రయితే లోపలి లైటు వెయ్యండి. ముందు అద్దాలు రెండూ కిందకి దించండి, వెనక అద్దాలకి టింట్ ఉంటే అవీ దించండి. ఎండాకాలం డాలస్‌లో ఏసీ లేకుండా రెండు నిమిషాలు కష్టమే, పర్లేదు. ఆ తర్వాత రెండు చేతులూ స్టీరింగ్ పైన పెట్టి వేళ్ళు విప్పి ఉంచండి. సీట్ బెల్టు తియ్యకండి, తీస్తే అసలు పెట్టుకోలేదనుకుని దానికో టికెట్ (జరిమానా చీటీ) అదనంగా రాసే అవకాశం ఉంది. అన్నిటికన్నా ముఖ్యం, అతను వచ్చేలోపు కాగితాలు సిద్ధం చేద్దామని గ్లవ్ బాక్స్‌లోకి వంగకండి. మన మంచి బుద్ధితో చేసే ఈ పనే వాళ్ళని అన్నిటికన్నా ఎక్కువ కంగారు పెడుతుంది, వెనక నుంచి చూసేవాళ్ళకి మీ భుజం కిందకి వంగడం ఒక్కటే కనిపిస్తుంది మరి.

రాత్రయితే వాళ్ళ స్పాట్‌లైటు మీ అద్దంలో పడి కళ్ళు బైర్లు కమ్ముతాయి. కావాలనే అలా పెడతారు, వాళ్ళు నడిచి రావడం మీకు కనపడకూడదని. చెయ్యి అడ్డం పెట్టుకోకండి, వెనక్కి తిరిగి చూడకండి. ఆఫీసర్ మీ వైపు కాకుండా ప్రయాణికుడి వైపు కిటికీ దగ్గరికి రావచ్చు, హైవే మీద ఎక్కువగా అటే వస్తారు, మీ వైపు ట్రాఫిక్ ఉంటుంది కదా. నడుస్తూ నడుస్తూ మీ డిక్కీ మీద చెయ్యి వేసి చిన్నగా నొక్కడం కూడా మామూలే. ఉలిక్కిపడకండి.

అడిగేవి మూడే: లైసెన్స్, ఇన్సూరెన్స్, కొన్నిసార్లు రిజిస్ట్రేషన్. టెక్సస్‌లో ఇన్సూరెన్స్ కార్డు ఫోన్‌లో చూపించినా చెల్లుతుంది, కానీ నేను కాగితం కూడా పెట్టుకుంటాను, ఆ టెన్షన్‌లో యాప్ లాగిన్ అడిగిందంటే పాస్‌వర్డ్ గుర్తుకు రాదు. ఒక చిన్న పౌచ్ కొని అందులో ఇన్సూరెన్స్ కార్డు పెట్టి సన్ వైజర్‌కి తగిలించండి. తీసే ముందు చెప్పండి, చెప్పాక ఆగండి, సరే అన్నాక తియ్యండి. "మై లైసెన్స్ ఈజ్ ఇన్ మై బ్యాక్ పాకెట్, మే ఐ గెట్ ఇట్?" అంతే. ఒక చెయ్యి స్టీరింగ్ మీద ఉండగానే రెండో చేత్తో నెమ్మదిగా. ఈ ఒక్క వాక్యం పార్కింగ్ లాట్‌లో కూర్చుని నాలుగైదుసార్లు పైకి అనుకుని చూసుకోండి, ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్ళకి కూడా ఆ టైములో నోరు పెగలదు.

కార్లో తెలుగులో మాట్లాడుకోవడం గురించి ఎవరూ చెప్పరు కాబట్టి నేను చెప్తాను. ఆఫీసర్ కిటికీ దగ్గర నిలబడి ఉండగా వెనక సీట్లోంచి అమ్మ "ఏమంటున్నాడురా, ఎంత అడుగుతున్నాడు" అంటుంది, మీరు తెలుగులో గబగబా ఏదో అంటారు, అతనికి మీరు ఏదో పథకం వేసుకుంటున్నట్టు అనిపించవచ్చు. ముందు అతనితో "ఐ యామ్ జస్ట్ టెల్లింగ్ మై మదర్ టు స్టే సీటెడ్" అని, తర్వాత అమ్మతో తెలుగులో మాట్లాడండి. పక్కన కూర్చున్నవాళ్ళు కూడా చేతులు ఒళ్ళో కనపడేలా పెట్టుకోవాలి. వీడియో తీసుకోవాలనుకుంటే తీసుకోవచ్చు, ఆ హక్కు ఉంది, అయితే ఫోన్ ముందే స్టాండ్‌లో పెట్టి ఉండాలి గాని అతను వచ్చాక జేబులోంచి సర్రున లాగకూడదు.

తర్వాత వచ్చే ప్రశ్న, "డు యు నో వై ఐ పుల్డ్ యు ఓవర్?" దీనికి మనవాళ్ళు రెండు రకాలుగా దెబ్బతింటారు. ఒక రకం, "సారీ ఆఫీసర్, ఐ వాజ్ గోయింగ్ ఎయిటీ" అని అడక్కుండానే లెక్కతో సహా ఒప్పేసుకుంటారు. అతను బహుశా 74 అని రాసుకుని ఉంటాడు. మీ మాట వాళ్ళ ఒంటి మీది కెమెరాలోనో కార్లోని కెమెరాలోనో రికార్డవుతుంది, తర్వాత కోర్టులో మీకే ఎదురు తిరుగుతుంది. రెండో రకం, అబద్ధం చెప్తారు, ఆసుపత్రి అనో స్పీడోమీటర్ పాడైందనో. అది ఇంకా అన్యాయం. మీ మీద మీరే సాక్ష్యం చెప్పక్కర్లేదని ఈ దేశ రాజ్యాంగమే చెప్తోంది, అలాగని అబద్ధం చెప్పే హక్కు లేదు. "ఐ వుడ్ లైక్ టు హియర్ ఇట్ ఫ్రమ్ యు, ఆఫీసర్" అనండి, మామూలు గొంతుతో. అతను స్పీడు చెప్తే "ఐ అండర్‌స్టాండ్" అనండి. అర్థమైంది అన్నారు గాని ఒప్పుకున్నట్టు కాదు. నిజంగా ఎమర్జెన్సీ అయితే, భార్యకి నొప్పులొస్తున్నాయి లాంటిదైతే, మొదటి మాటగా అదే చెప్పండి.

రోడ్డు పక్కన వాదించకండి. రాడార్ చూపించమని పట్టుబట్టడం, పక్క కారు నాకంటే స్పీడుగా వెళ్ళింది కదా అనడం, ఇవేవీ అక్కడ తేలవు. మీరు నూటికి నూరుపాళ్ళు కరెక్టే అయినా తేల్చేది జడ్జి, ఆ షోల్డర్ కాదు. బతిమాలడం కూడా వద్దు, "ప్లీజ్ సర్, స్టూడెంట్ సర్, ఫస్ట్ టైమ్ సర్" అని పదిసార్లు అంటే జాలి కలగదు. మర్యాదగా ఉన్నవాళ్ళకి వార్నింగ్‌తో వదిలేయడం చాలాసార్లు చూశాను, అది వాళ్ళ ఇష్టం. ఇక డబ్బు మాట. లైసెన్స్ కింద 20 డాలర్ల నోటు మడిచి ఇవ్వడం, "ఇక్కడే ఏదో ఒకటి సెటిల్ చేసుకుందాం" లాంటి మాట, కలలో కూడా వద్దు. టెక్సస్‌లో లంచం ఇవ్వజూపడం ఫెలనీ, అంటే పెద్ద నేరం. వంద, రెండొందల డాలర్ల టికెట్‌తో పోయేది జైలు, ఇమ్మిగ్రేషన్ కేసు దాకా వెళ్తుంది. ఫైన్ అక్కడికక్కడ కడతానని మంచి ఉద్దేశంతో అన్నా తప్పుగా వినపడొచ్చు, అందుకే పర్సు తెరిచి డబ్బు బయటికి తియ్యకండి.

కారు దిగమని అతనే అడిగితే? అప్పుడు దిగాలి. 1977 నుంచి సుప్రీంకోర్టు తీర్పు అదే, మామూలు ట్రాఫిక్ స్టాప్‌లో కూడా డ్రైవర్‌ని దిగమనే అధికారం పోలీస్‌కి ఉంది, 1997 తీర్పుతో పక్కన ఉన్నవాళ్ళకీ అదే వర్తిస్తుంది. ఎందుకని వాదించకుండా, "ఓకే, ఐ యామ్ ఓపెనింగ్ ద డోర్" అని చెప్పి నెమ్మదిగా దిగండి. కారు వెతకడం మాత్రం వేరే విషయం. "మైండ్ ఇఫ్ ఐ టేక్ ఎ లుక్ ఇన్‌సైడ్?" అని స్నేహంగా అడుగుతారు, మనం మొహమాటానికి "ష్యూర్, ష్యూర్" అనేస్తాం. అది అనుమతి ఇచ్చినట్టే. "ఆఫీసర్, ఐ డోంట్ కన్సెంట్ టు ఎ సర్చ్" అని నవ్వు మొహంతోనే చెప్పొచ్చు. అయినా వెతికితే చేత్తో అడ్డుకోవద్దు, చెప్పిన మాట రికార్డులో ఉంది, అది చాలు. టికెట్ రాసే పని అయిపోయాక, వేరే అనుమానం ఏదీ లేకుండా మత్తుమందుల వాసన పట్టే కుక్కని తెప్పించడం కోసం మిమ్మల్ని ఇంకా కూర్చోబెట్టకూడదని 2015లో సుప్రీంకోర్టు చెప్పింది. కాగితాలన్నీ చేతికి ఇచ్చేశాక కూడా ప్రశ్నలు అడుగుతుంటే "యామ్ ఐ ఫ్రీ టు గో?" అని అడగండి.

హెచ్1బి, ఎఫ్1, విజిటర్ వీసా మీద ఉన్నవాళ్ళు ఐ-94 (దేశంలోకి వచ్చినట్టు ప్రభుత్వం ఇచ్చే రికార్డు) ప్రింటు ఒకటి పర్సులో పెట్టుకోండి, 18 ఏళ్ళు దాటిన విదేశీయులు తమ రిజిస్ట్రేషన్ రుజువు దగ్గర ఉంచుకోవాలని చట్టంలోనే ఉంది. స్టేటస్ గురించి అబద్ధం అసలు వద్దు. ముఖ్యంగా, ఎంత భయపడినా సిటిజన్‌ని అని చెప్పకండి, ఆ ఒక్క మాట గ్రీన్ కార్డు దారిని శాశ్వతంగా మూసేయగలదు.

చివర్లో చిన్న ప్రింటర్ నుంచి తీసిన పొడుగాటి కాగితమో, చేతి మెషీన్ మీద సంతకమో ఉంటుంది. సంతకం పెడితే తప్పు ఒప్పుకున్నట్టని చాలామంది అనుకుంటారు, కాదు. ఫలానా తేదీలోగా కోర్టుకి జవాబిస్తానని మాట ఇవ్వడం మాత్రమే. టెక్సస్‌లో స్పీడింగ్‌కి సంతకం పెడితే టికెట్ ఇచ్చి పంపాలి, పెట్టనంటే అరెస్ట్ చెయ్యొచ్చు. కాబట్టి పెట్టండి. అది వార్నింగో టికెట్టో పైన చదవండి, అర్థం కాకపోతే అక్కడే అడగండి, చెప్తారు. వెళ్ళేటప్పుడు ఇండికేటర్ వేసి, షోల్డర్ మీదే కొంచెం స్పీడు అందుకుని, ఖాళీ చూసుకుని కలవండి, చేతులు వణుకుతుంటే తర్వాతి గ్యాస్ స్టేషన్‌లో పది నిమిషాలు ఆగండి. ఆ పది నిమిషాల్లోనే ఫోన్‌లో రాసుకోండి: ఎక్కడ, ఎన్ని గంటలకి, ఏ లేన్, వాన ఉందా, స్పీడ్ లిమిట్ బోర్డు ఎక్కడ ఉంది, అతను ఎంత స్పీడన్నాడు. నెల తర్వాత ఇవేవీ గుర్తుండవు.

ఇక టికెట్ ఇంటికి తెచ్చి ఫ్రిజ్ మీద అయస్కాంతంతో అంటించి మర్చిపోవడం, దీని గురించి నాకు నిజంగా బాధ. నాకు తెలిసిన ఒక తమ్ముడు మాస్టర్స్ చదువుతుండగా ఇల్లు మారాడు, కోర్టు ఉత్తరాలు పాత ఇంటికి వెళ్ళాయి, ఏడాది తర్వాత వేరే దేనికో ఆపినప్పుడు వారెంట్ ఉందని బయటపడింది. ఆ రాత్రి అతను గడిపింది సెల్‌లో. జవాబివ్వాల్సిన తేదీ టికెట్ మీదే ఉంటుంది, ఇంటికి రాగానే క్యాలెండర్‌లో పెట్టండి.

ఆన్‌లైన్‌లో డబ్బు కట్టేస్తే అయిపోతుంది అనుకోకండి, కట్టడం అంటే శిక్ష ఒప్పుకున్నట్టే, అది మీ డ్రైవింగ్ రికార్డుకి ఎక్కుతుంది, ఇన్సూరెన్స్ పెరుగుతుంది. టెక్సస్‌లో దానికన్నా మంచి దారి డ్రైవింగ్ సేఫ్టీ కోర్సు. ఆరు గంటలు, ఆన్‌లైన్‌లో చెయ్యొచ్చు, పూర్తి చేస్తే ఆ టికెట్ కొట్టేస్తారు. దానికి టెక్సస్ లైసెన్స్, ఇన్సూరెన్స్ ఉండాలి, గత 12 నెలల్లో ఇలాగే వాడుకుని ఉండకూడదు, లిమిట్ కంటే 25 మైళ్ళు గాని అంతకు మించి గాని వెళ్ళి ఉండకూడదు, 95 చేరి ఉండకూడదు, పనివాళ్ళున్న కన్‌స్ట్రక్షన్ జోన్ అయి ఉండకూడదు. జవాబిచ్చే తేదీలోపే కోర్టుని అడగాలి, అడిగాక 90 రోజుల్లో సర్టిఫికెట్ ఇవ్వాలి. మొదట కోర్సు చేసేసి తర్వాత అడుగుదాంలే అంటే కుదరదు. ఇది కుదరనివాళ్ళకి డిఫర్డ్ డిస్పొజిషన్ (తీర్పు కొన్నాళ్ళు వాయిదా వేసి, షరతులు పాటిస్తే టికెట్ కొట్టేయడం) అని ఇంకోటి ఉంది, జడ్జి దయ మీద ఆధారపడ్డది. తప్పు లేదని నమ్మకం ఉంటే నాట్ గిల్టీ అని చెప్పి కోర్టులో విచారణ అడగొచ్చు.

ఇదంతా టెక్సస్ లెక్క. వర్జీనియాలో కథ వేరు, అక్కడ ఉన్నవాళ్ళు, అటు లాంగ్ డ్రైవ్ వెళ్ళేవాళ్ళు ఈ ముక్క రెండుసార్లు చదవండి. అక్కడ లిమిట్ కంటే 20 మైళ్ళు ఎక్కువ వెళ్ళినా, లిమిట్ ఎంతైనా సరే 85 దాటినా రెక్లెస్ డ్రైవింగ్. అది ట్రాఫిక్ టికెట్ కాదు, క్రిమినల్ కేసు, క్లాస్ 1 మిస్‌డిమీనర్, 12 నెలల దాకా జైలు, 2,500 డాలర్ల దాకా జరిమానా రాసి ఉంది. 70 రోడ్డు మీద 86 అంటే మనకి పెద్ద విషయంలా అనిపించదు కదా. అది వచ్చిందంటే ఆన్‌లైన్‌లో ఏమీ కట్టకండి, లాయర్‌ని పెట్టుకోండి, ఇమ్మిగ్రేషన్ లాయర్‌కీ చెప్పండి. రాడార్ డిటెక్టర్ కూడా అక్కడ నిషేధం, మీ కార్లో ఉంటే తీసేసి వెళ్ళండి. జార్జియాలో రెండు లేన్ల రోడ్డు మీద 75, మిగతా ఏ రోడ్డు మీదైనా 85 తాకితే సూపర్ స్పీడర్ అని మామూలు ఫైన్ మీద ఇంకో 200 డాలర్లు విడిగా వస్తాయి, ఆ బిల్లు వేరే కవర్లో వస్తుంది, కట్టకపోతే లైసెన్స్ సస్పెండ్.

ఎందుకింత చెప్తున్నానంటే, వీసాకి డీఎస్-160 నింపేటప్పుడు ఎప్పుడైనా అరెస్టయ్యారా, శిక్ష పడిందా అని అడుగుతారు. రేపు సిటిజన్‌షిప్ ఫారంలో పోలీస్ సైటేషన్ (టికెట్ లాంటిది) ఇచ్చారా అని కూడా అడుగుతారు. 2025 వసంతకాలంలో వేలమంది విద్యార్థుల సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలుండే ప్రభుత్వ డేటాబేస్) రికార్డులు ఉన్నట్టుండి రద్దయినప్పుడు అందులో చిన్న ట్రాఫిక్ గొడవలు తప్ప ఇంకేమీ లేనివాళ్ళు కూడా ఉన్నారు, కోర్టులకి వెళ్ళాక తిరిగి నిలబెట్టారు గాని ఆ వారాల్లో ఆ పిల్లలు పడ్డ క్షోభ మామూలుది కాదు. కేసు ముగిశాక కోర్టు నుంచి ముగిసినట్టు కాగితం అడిగి తీసుకుని స్కాన్ చేసి దాచుకోండి. పదేళ్ళ తర్వాత ఆ ఊరి కోర్టు క్లర్కుకి ఫోన్ చేసి పాత కాగితం వెతికించుకోవడం పెద్ద పని.

మొన్న మార్చిలో నాన్నగారు రెండోసారి వచ్చారు, ఈసారి అమ్మ కూడా. ఎయిర్‌పోర్టు పార్కింగ్‌లో సామాను ఎక్కించాక ఇంజన్ స్టార్ట్ చేసే ముందు వెనక్కి తిరిగి ఇద్దరికీ చెప్పాను, పోలీస్ ఆపితే బెల్టు తియ్యొద్దు, చేతులు ఒళ్ళో పెట్టుకోండి, నేను మాట్లాడతాను అని. నాన్నగారు ఒక్క క్షణం ఆగి, అమ్మ వైపు తిరిగి, రెండు అరచేతులూ మోకాళ్ళ మీద వెల్లకిలా పెట్టి "ఇలా, వేళ్ళు విప్పి" అని తనే చూపించారు.